ఆదివారం రైతు బజారు, వారమంతా వంట: మా ఇంటి లెక్క

విశాఖపట్నంలో మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక రైతు బజారు ఉంది. 2023 జూలై నుంచి ప్రతి ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా అక్కడుంటున్నాను. ఊరెళ్లినప్పుడు తప్ప మానలేదు. మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది అడుగుతుంటారు, అక్కడ నిజంగా చవకేనా, అంత పొద్దున్నే లేచి వెళ్లి సంచులు మోసుకురావడం అవసరమా అని. నేను ప్రతి వారం ఖర్చు పుస్తకంలో రాసుకుంటాను కాబట్టి, ఆ పుస్తకం ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో ఐదుగురం. నేను, మా వారు, అత్తయ్యగారు, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి. రోజూ మూడు క్యారేజీలు కట్టాలి. అత్తయ్యగారికి షుగర్, అందుకని ఆకుకూరలు, ఆనప, బీర లాంటి నీళ్లకూరలు వారంలో తరచుగా ఉండాల్సిందే. అబ్బాయి వంకాయ ముట్టుకోడు. మా వారికి పులుసు లేకపోతే అన్నం దిగదు. ఇలాంటి ఇంట్లో రోజూ సాయంత్రం "రేపేం వండాలి" అనే టెన్షన్ ఎంతుంటుందో వంట చేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ టెన్షన్‌లోనే నేను ఎక్కువ డబ్బు పోగొట్టుకునేదాన్ని. రాత్రి తొమ్మిదికి ఏమీ తోచక ఫోన్‌లో యాప్ తెరిచి అరకిలో బెండకాయలు, ఒక పాలకూర కట్ట ఆర్డర్ పెట్టడం, పొద్దున వీధి చివర కొట్టులో మళ్లీ టమాటాలు తేవడం. ఏ రోజుకారోజు చిన్న మొత్తమే. నెల తిరిగేసరికి కూరగాయలకే 4,600 రూపాయలు దాటేది.

రైతు బజారుకి వెళ్లడం టమాటా వల్ల మొదలైంది. ఆ ఏడాది జూలైలో టమాటా కిలో వంద దాటి కూర్చుంది, గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో సబ్సిడీ మీద కిలో 50 రూపాయలకే అమ్మించింది. దానికోసం మా వారూ నేనూ వెళ్లాం. ఆయన లైన్లో నిలబడ్డారు, లైను చాలా పొడుగ్గా ఉంది. నేను ఊరికే లోపలికి ఒక చుట్టు తిరిగొద్దామని వెళ్లాను. మా వీధి కొట్టులో 40 రూపాయలు చెప్పే ఆనపకాయ అక్కడ 18కి ఇస్తున్నారు. దొండకాయలు కిలో 26. తోటకూర కట్ట ఎంత పెద్దదంటే రెండు చేతులతో పట్టుకోవాలి, పది రూపాయలు. ఆయన గంట నిలబడి టమాటాలు తెచ్చేసరికి నా చేతిలో రెండు సంచులు నిండిపోయాయి. ఇంటికొచ్చి చెబితే అత్తయ్యగారు ఒకటే మాటన్నారు. "టమాటా కోసం గంటసేపు నిలబడ్డారా? మా చిన్నప్పుడు టమాటా ఎవరు కొన్నారమ్మా, అన్నీ చింతపండుతోనే కదా వండుకున్నాం." ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. ఆ నెలంతా చారు చింతపండుతో, పప్పు చుక్కకూరతో, పచ్చడి గోంగూరతో నడిపించాను. టమాటా లేదన్న లోటు పిల్లలక్కూడా తెలియలేదు.

రైతు బజార్లు 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి, అప్పుడు చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి. అదే ఏడాది తమిళనాడులో ఉళవర్ సందై పేరుతో ఇలాంటివే పెట్టారు. మధ్యలో దళారీ, కమిషన్ లేకుండా చుట్టుపక్కల రైతులు గుర్తింపు కార్డు పెట్టుకుని తమ పంట తామే అమ్ముకోవాలి, అదీ దాని ఉద్దేశం. ధర ఎవరిష్టం వాళ్లది కాదు. పొద్దున్నే టోకు మార్కెట్ ధర చూసి, దానికి కొంచెం ఎక్కువగా, బయట చిల్లర ధరకి తక్కువగా ఉండేట్టు ఆ రోజు ధరలు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. డ్వాక్రా మహిళల దుకాణాల్లో పప్పులు, చింతపండు, ఎండుమిర్చి కూడా ఉంటాయి. బేరం ఆడటం రాని నాలాంటివాళ్లకి ఆ బోర్డే పెద్ద ధైర్యం. బయట బండి దగ్గర నేనెప్పుడూ చెప్పిన ధరే ఇచ్చి వచ్చేసేదాన్ని.

అయితే అక్కడ అన్నీ చవక అనుకుని వెళ్లొద్దు. మూడు నెలలు వరసగా మా వీధి కొట్టు ధర, యాప్ ధర, బజారు ధర పక్కపక్కన రాసి చూశాను. ఉల్లిపాయలకి తేడా కిలోకి రెండు మూడు రూపాయలే. బంగాళాదుంపలకి అంతే, క్యారెట్‌కి ఇంకొంచెం. పళ్లకైతే తేడా దాదాపు లేదు. అదే ఆనప, బీర, దొండ, వంకాయ, బెండ, ఆకుకూరలు చూస్తే మూడోవంతు నుంచి సగం దాకా తగ్గుతోంది. కారణం ఆలోచిస్తే తేలికే. ఉల్లి కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో లారీలో రావాలి, అది ఎక్కడ కొన్నా పదిచేతులు మారినదే. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పల్లెల్లో పండినవి మాత్రం తెల్లవారుజామున కోసి, ఆటోలోనో బస్సులోనో వేసుకుని రైతులే తెస్తారు. మధ్యలో ఎవరూ లేని సరుకుకే రైతు బజారులో నిజమైన చవక. ఇది అర్థమయ్యాక ఉల్లి, బంగాళాదుంపల కోసం అక్కడ బరువు మోయడం మానేశాను. అవి నెల సరుకులతోపాటు ఇంటికే తెప్పించుకుంటాను.

మొదటి నెల ఖర్చు తగ్గలేదు. చవగ్గా ఉందని అన్నీ కొనేశాను. ఒక ఆదివారం మూడు రకాల ఆకుకూరలు, కిలోన్నర బీరకాయలు, కిలో బెండకాయలు, రెండు ఆనపకాయలు, కిలో గోరుచిక్కుడు తెచ్చాను. గురువారం ఫ్రిజ్ తెరిస్తే పాలకూర సంచిలోనే నల్లగా నీరుకారిపోయి ఉంది. బీరకాయలు వడలిపోయాయి, బెండకాయలు ముదిరి పీచు తేలాయి. పారేసినవన్నీ తూకం వేసి చూస్తే కిలో ఆరువందల గ్రాములు. తెల్లవారకుండానే పొలంలో దిగి కోసుకొచ్చిన పంట అది, చేతులారా చెత్తబుట్టలో వేశాను. ఆరోజు నాకు చాలా బాధేసింది. చవగ్గా కొని పారేస్తే, ఖరీదు పెట్టి కొని వండుకోవడమే నయం.

తర్వాత పద్ధతి మార్చాను. అంతకుముందు ఇంట్లో మెనూ రాసుకుని ఆ చీటీ పట్టుకుని బజారుకి వెళ్లేదాన్ని. చీటీలో కాకరకాయ ఉంటే, కాకరకాయ ఆ రోజు 60 రూపాయలున్నా కొనేదాన్ని. ఇప్పుడు కూరల పేర్లు రాయను, ఖాళీలు మాత్రం రాస్తాను. రెండు ఆకుకూరలు, రెండు వేపుడు కూరలు, ఒక నీళ్లకూర, ఒక దుంప, ఒక పులుసుకాయ. ఏ ఖాళీలో ఏది పెట్టాలో అక్కడ బోర్డు చూశాకే తేలుతుంది. దొండ చవగ్గా ఉంటే వేపుడు దొండకాయ, బెండ చవగ్గా ఉంటే బెండకాయ. ఏది బాగా కాసిందో అదే ఆ వారం మా ఇంటి కూర. ముందు బజారు, ఆ తర్వాతే మెనూ. మా ఇంట్లో ఖర్చు నిజంగా తగ్గింది ఈ ఒక్క మార్పుతోనే.

ఇంటికొచ్చాక కాఫీ తాగుతూ క్యాలెండర్ కాగితం వెనక వారం వంట రాసేస్తాను. ఏది ముందు పాడవుతుందో అది ముందు. పోయిన వారం మా ఇంట్లో ఇలా నడిచింది. ఆదివారం తోటకూర వేపుడు, మధ్యాహ్నం ఎలాగూ కోడికూర ఉంటుంది. సోమవారం కందా బచ్చలి, ఆవ పెట్టి. బచ్చలి రెండోరోజుకి దాటకూడదు, కంద ఎన్నాళ్లైనా ఆగుతుంది, ఆగేదాంట్లోంచి సగం ముక్క కోసి మిగతాది గాలికి ఉంచాను. మంగళవారం బెండకాయ వేపుడు, మిరియాల చారు. బుధవారం బీరకాయ శనగపప్పు, ఆ బీరపొట్టుతోనే పచ్చడి. ఆ పచ్చడి అబ్బాయికి ఎంత ఇష్టమంటే, కూర లేకపోయినా అడగడు. గురువారం దొండకాయ కొబ్బరికారం, క్యారేజీల్లో కారిపోకుండా బాగుంటుంది. శుక్రవారం వంకాయ కూర, అబ్బాయికి మాత్రం పప్పు. శనివారం దప్పళం.

దప్పళం గురించి కాస్త చెప్పాలి. శనివారం అత్తయ్యగారు వెంకటేశ్వరస్వామికి ఉల్లి, వెల్లుల్లి తినరు. దప్పళానికి రెండూ అక్కర్లేదు. ఒక ఆనపకాయ ముక్క, ఒక గుమ్మడి ముక్క, మిగిలిన నాలుగు బెండకాయలు, రెండు వంకాయలు, ఒక ములక్కాడ, సోమవారం దాచిన కంద, ఇవన్నీ పెద్దపెద్ద ముక్కలు కోసి చింతపండు పులుసులో ఉడికిస్తే బుట్ట ఖాళీ, గిన్నె నిండు. చివర్లో కాస్త బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి, చిన్న బెల్లం ముక్క వేసి, ఇంగువ పోపు పెడతాను. ఈ ఆలోచన నాది కాదు, అత్తయ్యగారిదే. "వారం చివర ఏది మిగిలినా దప్పళంలోకి వస్తుందమ్మా, పారేయకు" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో కూరగాయ ముక్క పారేసిన శనివారం లేదు.

నిలవ ఉంచడం గురించి రెండు మాటలు. ఆకుకూర కడిగి పెట్టొద్దు. వేళ్లు కోసేసి పాత నూలు పంచె గుడ్డలో చుట్టి పెడితే రెండు రోజులు కొత్తగానే ఉంటుంది. పచ్చిమిర్చి తొడిమలు తీసి డబ్బాలో వేస్తే రెండు వారాలు. టమాటాలు ఫ్రిజ్‌లో పెట్టను, బయట బుట్టలో తొడిమ కిందికి ఉండేట్టు పరుస్తాను, మరీ పండినవి ముందు వాడేస్తాను.

మూడో వరుస చివర ఒక పెద్దామె కూర్చుంటుంది. పద్మనాభం దగ్గర పల్లె. ఆమె ముందు ఎప్పుడూ నాలుగైదు రకాలే ఉంటాయి, తన చేలో కాసినవి మాత్రమే. మొదట్లో నేను ఆనపకాయ లేతదో కాదో చూద్దామని గోరు గుచ్చాను. ఆమె నా చెయ్యి మెల్లగా పక్కకి తీసి, "గోరు గుచ్చకమ్మా, నువ్వు ఒగ్గేస్తే ఇంకెవులూ కొనరు. ఇటు సూడు" అని కాయ తిప్పి చూపించింది. లేత కాయ మీద సన్నటి తెల్ల నూగు ఉంటుంది, వేలితో రాస్తే తెలుస్తుంది. ముదిరితే ఆ నూగు రాలిపోయి తొక్క నున్నగా అవుతుంది. కాయ చేతిలోకి తీసుకుంటే దాని సైజుకి తగ్గ బరువుండాలి. అప్పటినుంచి నేను ఏ కాయకీ గోరు పెట్టలేదు, బెండకాయ కొసలు విరవలేదు. మనం విరిచి వదిలేసిన ప్రతి కాయా మధ్యాహ్నానికి ఆమె దగ్గరే మిగిలిపోతుంది, ఆ నష్టం ఆమెదే. ఇంకో ఆదివారం నేను గోరుచిక్కుడు తీస్తుంటే, "ఇయ్యాల అదొద్దమ్మా, ముదిరిపోనాది. పచ్చడికి గోంగూర అట్టుకెల్లు, తెల్లారగట్టే కోసినాం" అంది. తన సరుకు తానే వద్దని చెప్పే మనిషిని నేను ఏ కొట్టులోనూ చూడలేదు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి, దాచను. మేం వెళ్లే బజారులో కూర్చున్నవాళ్లంతా రైతులు కారు. కొన్ని దుకాణాల్లో పదిహేను ఇరవై రకాలు, మన దగ్గర పండని కూరగాయలతో సహా, దొంతర్లు పేర్చి ఉంటాయి. ఒకే చేను అన్ని రకాలు కాయదు కదా. అలాంటిచోట బోర్డు ధర అడిగితే "అది రెండో రకానికమ్మా, ఇది మొదటి రకం" అంటారు. ఒకసారి అలాంటి దుకాణంలోనే కిలో చిక్కుడుకాయలు తెచ్చి ఇంట్లో తూస్తే 850 గ్రాములున్నాయి. మరుసటి వారం వెళ్లి అడిగితే నావైపు చూడనుకూడా చూడలేదు. బజారు ఆఫీసు దగ్గర తూకం సరిచూసుకునే కాంటా ఉందని అప్పుడే తెలిసింది, ఇప్పుడు అనుమానం వస్తే అక్కడే తూయిస్తాను. వానాకాలంలో గేటు దగ్గర బురద, నడవలేం. ఎనిమిది దాటితే బండి పెట్టుకోవడానికి చోటుండదు. అసలు రైతులకి దక్కాల్సిన చోటు వ్యాపారుల చేతికి వెళ్తుంటే చూస్తూ ఊరుకోవడం నాకు కష్టంగా ఉంది. కార్డున్న రైతుకి ముందు వరస ఇస్తే, మా పద్మనాభం పెద్దామె మూడో వరుస చివర కూర్చోవాల్సిన అవసరం ఉండదు.

ఇక డబ్బు లెక్క. పోయిన ఆదివారం బిల్లు 440 రూపాయలు. రెండు కిలోల టమాటాలు 56, కిలో వంకాయలు 32, దొండకాయలు 30, బీరకాయలు 44, కంద 45, ఆనపకాయ 20, నాలుగు కట్టల ఆకుకూర 40, ఇలా మిగతావన్నీ కలిపి. అదే చీటీ యాప్‌లో పెట్టి చూస్తే 700 దాటింది, డెలివరీ చార్జీ కాకుండా. స్కూటీ పెట్రోలు ఓ ఇరవై రూపాయలు అనుకున్నా వారానికి 240 మిగులు. అసలు మిగులు అంతకంటే ఎక్కువ, ఎందుకంటే వారం మధ్యలో యాప్ తెరవడం దాదాపు ఆగిపోయింది. పాలు, కొత్తిమీర లాంటి చిన్నవాటికి తప్ప బయట కొట్టుకి వెళ్లట్లేదు. 4,600 ఉన్న కూరగాయల ఖర్చు ఇప్పుడు మామూలు నెలల్లో 2,300 దగ్గర ఉంటోంది. జూన్, జూలైల్లో ధరలు పెరిగినప్పుడు 3,000 దాకా వెళ్తుంది. అలా మిగిలినదాంట్లోంచి నెలకి 1,500 అమ్మాయి కోసం పోస్టాఫీసులో ఆర్‌డీ కడుతున్నాను.

ఇది అందరికీ కుదరదు. ఇద్దరే ఉన్న ఇంట్లో, ఆదివారం కూడా డ్యూటీ ఉన్నవాళ్లకి, వారానికి సరిపడా ఒకేసారి తెచ్చుకోవడం కష్టమే. వాళ్లు సాయంత్రం వెళ్తే మేలు. ఆరు దాటాక మిగిలిన ఆకుకూరలు, టమాటాలు బోర్డు ధరకంటే తగ్గించి ఇచ్చేస్తారు, ఆ రాత్రికో మర్నాటికో వండుకునేట్టయితే చాలా బాగా కలిసొస్తుంది. ఒక్కోసారి మా ఎదురింటావిడ, నేను కలిసి వెళ్లి పెద్ద గుమ్మడికాయ, పనసపొట్టు లాంటివి సగం సగం పంచుకుంటాం. పనసపొట్టు అక్కడే కొట్టి ఇస్తారు, ఇంట్లో ఆ పని పెట్టుకుంటే చేతులకంటిన జిగురు ఓ పట్టాన వదలదు.

వెళ్లేవాళ్లు ఏడున్నర లోపే వెళ్లండి. ముందు బోర్డు దగ్గర ఆగి ధరలు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. కొనకుండా ఒక చుట్టు తిరిగి, తక్కువ రకాలు పెట్టుకుని కూర్చున్నవాళ్లెవరో చూసుకుని, రెండో చుట్టులో కొనండి. ఆకుకూరలకి వేరే సంచి, బరువైనవాటికి వేరే సంచి. చాలామంది దగ్గర ఫోన్‌పే బోర్డులున్నాయి, మా పద్మనాభం పెద్దామె దగ్గర లేదు. ఆమె దగ్గరికి వెళ్తే పది రూపాయల నోట్లు తీసుకెళ్లండి. ఐదొందల నోటు ఇస్తే పాపం, చిల్లర కోసం దుకాణం వదిలి నాలుగు చోట్ల తిరగాల్సి వస్తుంది.